వంగిన చేతికర్ర
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో వస్తూ నా అల్యూమినియం చేతికర్రను సీటు కింద పెట్టాను. ఎవరిదో మూట పడి వంగింది. మోకాలికి ఆనించి సరిచేశాను. వారం తిరగకముందే మళ్ళీ అక్కడే వంగింది, మళ్ళీ సరిచేశాను. మూడోసారి మెట్లమీద పుటుక్కున విరిగింది, నేను కింద పడ్డాను. ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనవాడికి జరగవలసిన పని కాదు!

లోహంలో పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. లోహం వంగిందంటే ఆ వరుసలు జరిగాయన్నమాట. అయితే వరుస మొత్తం ఒక్కసారే జరగదు. పెద్ద జంపఖానాను జరపాలంటే మొత్తం ఈడ్వనక్కరలేదు. ఒక చివర ముడత లేపి, దాన్ని రెండో చివరకు తోస్తే చాలు. లోహంలోని ఇటువంటి ముడతలనే స్థానభ్రంశాలు అంటారు. వంచినకొద్దీ అవి పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. లోహం గట్టిపడుతుంది. ఆ చోటే మళ్ళీ మళ్ళీ వంచితే సాగే ఓపిక అయిపోయి పగులుతుంది.

ఇప్పుడు జంపఖానా మీద అక్కడక్కడా రాళ్ళు పెట్టామనుకోండి. ముడత వాటి దగ్గర ఆగుతుంది. అల్యూమినియంలో పింగాణీ జాతి రేణువులు కలపడం అటువంటిదే. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల శాస్త్రజ్ఞులు 1990లలో అల్యూమినియం, సిలికాన్ కార్బైడ్ మిశ్రమాలపై పనిచేశారు. సిలికాన్ కార్బైడ్ అంటే సానరాళ్ళలో వాడే కార్బొరండమే. ఆ రేణువులు బరువులో కొంత తామే మోస్తాయి. నాకు బాగా నచ్చిన సంగతి మరొకటి ఉంది. మీటరు పొడవున్న కడ్డీ 100 డిగ్రీలు చల్లారితే అల్యూమినియం సుమారు 2.3 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. సిలికాన్ కార్బైడ్ అర మిల్లీమీటరు కూడా కుంచించుకోదు. వేడిగా తయారైన మిశ్రమం చల్లారేటప్పుడు ఈ పెనుగులాటలో ప్రతి రేణువు చుట్టూ కొత్త ముడతలు పుడతాయి. ఎవరూ వంచకుండానే లోహం కొంత గట్టిపడుతుంది!

దీనికి మూల్యం లేకపోలేదు. సాగే గుణం తగ్గుతుంది. ఎక్కువ లాగితే రేణువే పగులుతుంది, లేదా అల్యూమినియం నుంచి ఊడివస్తుంది. ఆ సందులోనే బీట మొదలవుతుంది. మామూలు అల్యూమినియం విరగబోయే ముందు బాగా వంగి మనల్ని హెచ్చరిస్తుంది. ఈ మిశ్రమం అంతగా హెచ్చరించదు. అందుకే అరుగుదల, వేడి ఎక్కువగా ఉండే ఇంజను పిస్టన్ల వంటి చోట్ల దీనికి గిరాకీ.

మన చేతికర్రలు, వాకర్లు మామూలు అల్యూమినియంవే. ఈ సాయంత్రం ఒకసారి వెలుతురులో పెట్టి చూసుకోండి. గొట్టం వంగి ఉంటే సరిచేయకండి, మార్చేయండి. ప్రశ్నలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం.