మీ యింటి చిలుక యేమనును?



ఆడువారు నలుగురు కూడినచో ఊరిమాటలే గాని పనికివచ్చు మాట యొక్కటియు పుట్టదని కొందఱందురు. ఈ మాట చిన్ననాటినుండియు వినుచునే యున్నాను, విని యూరకుంటిని. నేడు రేడియోవారు నాకు పదిహేను నిమిషముల కాలమిచ్చి, ఎదురు పలుకువారెవ్వరును లేని గదిలో కూర్చుండబెట్టినారు గనుక, జవాబు చెప్పుటకు ఇంతకంటె మంచి యదను దొరకదు. నా జవాబులో ఒక చిలుకయు, ఒక పిల్లియు, ఒక గేదెయు వచ్చును. మనుష్యులు కూడ నడుమనడుమ వత్తురు.

నేను 1969వ సంవత్సరమున రాజమహేంద్రవరమునకు కాపురమునకు వచ్చితిని. అప్పటికి నాకు పందొమ్మిదేండ్లు. గోదావరి గట్టునకు రెండు వీథుల దూరమున మా యిల్లు. మధ్యాహ్నము రెండు గంటలగునప్పటికి ఇంటి భోజనములు ముగిసెడివి. మగవారు కచేరీలలోను, పిల్లలు బడులలోను ఉండెడివారు. నాలుగు గంటలకు పాలు పితుకువేళ వచ్చువఱకు ఆ వీథి యంతయు మాది. మేమందఱమును ఒక అరుగుమీద చేరెడివారము. ఒకరు బియ్యములో రాళ్లేరుదురు. ఒకరు విస్తళ్లు కుట్టుదురు. ఒకరు వత్తులు చేయుదురు. చేతులు పనిలోను, నోళ్లు మాటలలోను ఉండుటచే మమ్ము ఆక్షేపింపవచ్చిన వారికి సగము పనియే మిగిలెడిది.

ఆ వీథిలో ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకొనెడివారు కారు. ఎవరింట ఏ జంతువున్నదో దానినిబట్టియే పిలుపు. చిలుక వదినగారు, పిల్లి పిన్నిగారు, గేదె అక్కయ్యగారు. తొలినాడు నన్ను, “నీకేమున్నదమ్మా?” అని యడిగిరి. నాకేమియు లేదంటిని. “అదేమిటమ్మా, మొగుడున్నాడుగా! ముందు ఆయన్ని మచ్చిక చేసుకో. తరువాత కావలిస్తే కుక్కపిల్లని తెచ్చుకుందువుగాని,” అని గేదె అక్కయ్యగారనిరి. నేను తలయెత్తలేదు. తలయెత్తకయే నవ్వితిని.

అక్కయ్యగారికిని పిన్నిగారికిని నిత్యము వ్యాజ్యమే. పిన్నిగారి పిల్లి అక్కయ్యగారి పాలగిన్నెల జాడ బాగుగ నెఱిగినది.

“మా పిల్లి పిలిస్తే పలుకుతుందండీ,” అని పిన్నిగారు.

“పలకదు మరీ? పాలు మావీ, పలుకులు మీకూను!” అని అక్కయ్యగారు.

“పాలంటున్నారు గాని, మీ యింటికి అది దొంగతనానికి వస్తుందో, దాహానికి వస్తుందో నాకింకా అనుమానంగానే ఉందండీ.”

పాలలో నీటిని గూర్చిన యీ యెత్తిపొడుపునకు మేమందఱమును చాటలు క్రిందబెట్టి నవ్వితిమి. అక్కయ్యగారు అందఱికంటెను గట్టిగా నవ్విరి. అట్లు నవ్వియు, ఆ సాయంకాలము పిన్నిగారింటికి పాలు కొలుచునప్పుడు మాత్రము చేయి కొంచెము బిగబట్టిరని తరువాత తెలిసినది.

పిల్లి పలుకును గూర్చి యొక ముచ్చట చెప్పవలెను. ఎదిగిన పిల్లులు తమలో తాము “మ్యావు” మని పలుకరించుకొనుట అరుదనియు, ఆ కూతను ముఖ్యముగా మనుష్యులకొఱకే దాచుకొనుననియు జంతుశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కూనగా నున్నప్పుడు తల్లిని పిలిచిన పిలుపునే పెద్దదైన పిమ్మట మనలను పిలుచుటకు వాడును. పిన్నిగారు ఏ శాస్త్రమును చదువకయే ఈ సంగతి యెఱుగుదురు. “నన్ను అమ్మా అంటుందండీ,” అనెడివారు. మేము నవ్వెడివారము. ఆమెకు బిడ్డలు లేరు.

ఇక చిలుక. దాని మెడకు నల్లని రేఖయు, దానివెంట గులాబివన్నె పట్టెయు నుండుటచే అది మగచిలుక యని వదినగారు చెప్పిరి. ఆడుచిలుకకు ఆ కంటె యుండదు. జామపండు దానికి ప్రియము. పచ్చిమిరపకాయ యంతకంటె ప్రియము. మనకు కన్నీరు తెప్పించు మిరపఘాటు పక్షి నోటికి తగులదు. కనుక మిరపకాయ తినుటలో చిలుక చూపు ధైర్యము ధైర్యము కాదు. చిలుకలు అడవిలో గుంపులుగా బ్రతుకును. ఆ గుంపు కూతలే నేర్చును. పంజరములోని చిలుకకు ఇంటివారే గుంపు. కావున ఇంటిలో ఏ మాట మాటిమాటికి వినబడునో, ఏ మాట ఉద్వేగముతో వినబడునో, దానినే పట్టుకొనును. మనము నేర్పదలచిన దొకటి, అది నేర్చునది వేఱొకటి.

వదినగారు దానికి రామనామము నేర్పుచుండిరి. ఒకనాటి మధ్యాహ్నము మేము మాటలలో నుండగా, “ఏమేవ్! కాఫీ!” అని వదినగారి భర్తగారి కంఠము ఫెళ్లున వినబడెను. అందఱమును పైట సవరించుకొని లేచి నిలిచితిమి. వెనువెంటనే పంజరములోనుండి వదినగారి కంఠము: “వస్తున్నా, వస్తున్నా, వస్తున్నా!”

కచేరీలో నున్న భర్తగారు కచేరీలోనే యుండిరి. వదినగారు మా నడుమనే యుండిరి. ఇద్దఱి సంసారమును చిలుక యొక్కటియే నడపుచుండెను. అంతటి నవ్వు ఆ అరుగు మునుపెన్నడును విని యెఱుగదు. వదినగారు కన్నులు తుడుచుకొని, “ఆయన ఒకసారి పిలిస్తే నేను మూడుసార్లు పలుకుతున్నానన్నమాట! ఇన్నేళ్లూ నాకే తెలియలేదు సుమండీ,” అనిరి.

అంతట మాకొక యాట దొరకినది. మీ యింట చిలుక యున్నచో ఏమనును?

“మా యింట్లో అయితే, ‘తాళంచెవి ఎక్కడ పెట్టావే?’ అంటుంది,” అని పిన్నిగారు.

“మా యింట్లో, ‘రేపిస్తానండీ’ అంటుంది. పాలబాకీవాళ్లు రోజంతా అనే మాట అదేగా,” అని అక్కయ్యగారు.

నా వంతు వచ్చినది. నేను నోరు విప్పకమునుపే అక్కయ్యగారు, “దాని యింట్లో చిలుకకు ఇంకా గుసగుసలే గాని మాటలు వినపడవమ్మా, దాన్ని వదిలెయ్యండి,” అనిరి.

మిగిలినవారు ఎదురింటి అత్తయ్యగారు. ఆమె యింట ఏ జంతువును లేదు. మడికి భంగమని ఏ జంతువును గడప దాటనీయరు. మూడేండ్లుగా ప్రతిదినము దూదిపళ్లెము తెచ్చుకొని, ఒక స్తంభమున కానుకొని కూర్చుండి, వత్తులు చేయుదురు. అంతగా మాటలాడరు. ఆనాడు కూడ తలయెత్తకయే, “మా యింట్లో చిలుకకు మాటలు రావమ్మా,” అనిరి.

ఇదియు ఎత్తిపొడుపే యనుకొని, తరువాతి మాటకొఱకు నవ్వు సిద్ధము చేసికొని యుంటిమి.

“ఏది వింటే అదేగా నేర్చుకుంటుంది? మా యింట్లో ఉంటే గడియారం కొట్టడం నేర్చుకుంటుంది.”

ఎవ్వరును నవ్వలేదు. చిలుక మాత్రము, “వస్తున్నా, వస్తున్నా,” అనెను.

అత్తయ్యగారి కొడుకు లిద్దఱు. ఒకడు బొంబాయిలోను, ఒకడు సముద్రముల కావలను ఉండిరి. భర్తగారు ఉద్యోగము విరమించి యింటనుండిరి, మంచివారు. కోపము లేదు, దుర్గుణము లేదు, మాటయు లేదు. అన్నము చాలునన్న విస్తరిపై చేయి చాపుదురు. మజ్జిగ కావలెనన్న గ్లాసు వంక చూతురు. ఉదయము పత్రిక, మధ్యాహ్నము పత్రిక, దీపము పెట్టిన పిమ్మట ఉదయము చదివిన పత్రికయే. అత్తయ్యగారు వత్తులకొఱకు మా అరుగునకు వచ్చుచున్నారని మూడేండ్లు అనుకొంటిమి. అన్ని వత్తులు ఎన్ని దీపములకని మాలో ఒక్కరికిని తోచలేదు. ఆమె వచ్చుచుండినది మాటలు వినుటకు.

ఆ సాయంకాలము ఎవ్వరమును దానిని గూర్చి యేమియు అనుకొనలేదు. మఱునాడు రెండు గంటలకు వదినగారు పంజరము చేతబట్టుకొని, వీథి దాటి, అత్తయ్యగారి అరుగుమీద కూర్చుండిరి. “మా అరుగు మీద ఎండ మండిపోతోందండీ,” అనిరి. అది పుష్యమాసము; ఎండకొఱకు జనము వెదకు కాలము. పిన్నిగారును, అక్కయ్యగారును, నేనును ఒకరి వెనుక ఒకరము ఎండకు తాళలేకయే చేరితిమి. అత్తయ్యగారు మా మొగములవంక చూచి, “అవునమ్మా, ఎండలు మరీ ముదిరాయి,” అని చాప పఱచిరి.

పంజరమును ముందుగది కిటికీకి తగిలించితిమి. ఆ గదిలోనే మామయ్యగారు పత్రిక చదువుదురు. మూడవనాడు చిలుక తన ధోరణిలో, “ఏమేవ్! కాఫీ!” అనెను. లోపలినుండి, “నన్నేనా?” అని యొక ప్రశ్న వినబడెను. ఆ యింట ఆ కంఠము మేము వినుట అదియే మొదలు.

తరువాతి పని పిల్లి చేసినది. పిల్లి కూనలను ఏడిండ్లు త్రిప్పునని సామెత యున్నది గదా. తావు సురక్షితముగ లేదని తోచినపుడు తల్లిపిల్లి కూనలను నోట కఱచుకొని వేఱొక చోటికి చేర్చును. అది దాని జాగ్రత్త. పిన్నిగారి పిల్లి మూడవ యింటిగా అత్తయ్యగారి అటకను ఎన్నుకొన్నది. మడిబట్టలు మైలపడినవని అత్తయ్యగారు రెండుదినములు వాపోయిరి. మూడవదినమున అరుగుమీదికి ఆలస్యముగా వచ్చి, దూదిపళ్లెము ప్రక్కన బెట్టి, “నిన్న మా యింట్లో నాలుగు మాటలు వినపడ్డాయమ్మా. మూడు పిల్లికి, ఒకటి నాకు,” అనిరి.

“మీకేమన్నారండీ?” అని యందఱమును ఒక్కమారుగా అడిగితిమి.

“‘దానికి పాలు పోశావా?’ అన్నారు.”

“పాలు మావేగదండీ!” అని అక్కయ్యగారు చాటమీద చఱచిరి. ఆనాడు అత్తయ్యగారు నవ్విరి. దగ్గుతో కలసిన చిన్న నవ్వు. ఆ నెలనుండి వారింటి ఖాతాలో పావుశేరు పాలు పెరిగినవి.

ఒక పిల్లికూన వచ్చి సంసారము నంతయు మార్చివేసినదని నేను చెప్పను. అట్టివి కథలలో జరుగును. ఆ యింట మామయ్యగారు తుదివఱకును మితభాషిగనే యుండిరి. కాని మధ్యాహ్నము ఒక గంట తలుపు తెఱచి, గడపదగ్గఱ కుర్చీ వేసికొనెడివారు. పత్రిక చేతనే యుండును. పుట మాత్రము తిరుగదు. వదినగారింట కూడ కొంచెము మార్పు కలిగినది. భర్తగారు కాఫీ యని పిలిచినపుడెల్ల భార్యకంటె ముందు చిలుక పలుకుచుండుటచే, ఆయనకే సిగ్గు పుట్టి, వంటింటి గుమ్మము దాక వచ్చి యడుగ నారంభించిరట.

ఆ వేసవిలో చిలుక క్రొత్త పలుకొకటి నేర్చినది. రామనామము కాదు. ఒకనాటి రాత్రి వదినగారింట దీపములార్చిన పిమ్మట పంజరములోనుండి దగ్గుతో కలసిన చిన్న నవ్వు వినబడెనట. ఈ వేళప్పుడు ఎదురింటి అత్తయ్యగారు వచ్చినారేమని వదినగారి అత్తగారు లేచి కూర్చుండిరట.

నేను చెప్పినది విని యెవ్వరును చిలుకను తెచ్చుకొనరాదు. భద్రాచల రామదాసు గోల్కొండ చెఱలో పండ్రెండేండ్లు గడపుట, పూర్వజన్మమున ఒక చిలుకను పండ్రెండేండ్లు పంజరమున నుంచిన పాపమున కని మన పెద్దలు కథగా చెప్పుదురు. పెద్దలు కథగా చెప్పిన దానిని ప్రభుత్వమువారు చట్టముగా చెప్పినారు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పంజరములలో పెంచుటయు నేరము. మా వదినగారి చిలుక ఆ చట్టమునకు ముందటిది. చట్టపుమాట చెవినిబడిన దినమున వదినగారు పంజరము తలుపు తెఱచిరి. రెక్కల సత్తువ యెన్నడో పోయిన యా పక్షి పంజరము కప్పుపైకెక్కి, కాకుల నరపు విని, మరల లోపలికే నడచినది. వదినగారు ఆనాడు కంటనీరు పెట్టుకొనిరి. అట్టి పక్షి నేడెవరి వద్దనైన నున్నచో దానిని తటాలున బయట విడువక అటవీశాఖవారికి అప్పగింపవలెను. ఎగురుట మరచిన పక్షికి ఆకాశము కూడ అపాయమే.

ఆ యరుగులు నేడు లేవు. ఆ స్త్రీలలో నేను తప్ప మిగిలినవారు లేరు. నలుగురు చేరి పిల్లి మీదను, గేదె మీదను పెట్టి ఆడుకొనిన యా మాటలలో పనికివచ్చు మాట యేదియని యడుగువారికి నేను అత్తయ్యగారి వత్తులపళ్లెమును చూపుదును. ఆ వేళాకోళము లేకయున్న, ఆమె మనసులోని మాట బయటికి వచ్చుటకు త్రోవ యెక్కడిది? “అత్తయ్యగారూ, మీ యింట మాటలు కలవా?” అని సూటిగ నడుగు ధైర్యము మాలో నెవ్వరికుండినది? అడిగినను ఆమె చెప్పెడివారు కారు.

కావున నేను కోరునది యొక్కటి. రేపొక్కదినము, లేని చిలుకను మీ కిటికీకి తగిలించినట్లు భావించి, మీ యింట ప్రొద్దుటినుండి రాత్రివఱకు ఏయే మాటలు వినబడునో చెవియొగ్గి వినుడు. విని నవ్వవలసినచో నవ్వుడు, సిగ్గుపడవలసినచో సిగ్గుపడుడు. పిమ్మట ఎదురింటి వంక కూడ ఒక్కసారి చూడుడు. అచ్చట గడియారము తప్ప మఱేమియు వినబడకున్నచో, ఎండగా నున్నదనియో, వానగా నున్నదనియో ఏదో యొక సాకు చెప్పి, చాట చేతబట్టుకొని వీథి దాటుడు.