పెట్టెలో గుడ్లు, పుస్తకంలో లెక్క
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, పొదుగు అనే మాటలకు ఒక్క అక్షరమే తేడా. పొదుపు మనకు బాగా తెలుసు. పొదుగు కూడా తెలుసనుకున్నాం. చిన్నప్పుడు ఊళ్ళో అమ్మమ్మ గంపలో ఊక పోసి, కోడి కింద పన్నెండు గుడ్లు పెడితే ఇరవై ఒక్క రోజులకు పిల్లలు లేచేవి. కోడి చేసే పని కరెంటు పెట్టె చెయ్యలేదా అనుకుని దిగాం. మా మొదటి విడతలో 60 గుడ్లు పెడితే 8 పిల్లలు లేచినయ్. ఆ నష్టం గురించీ, దానికి మేం ఒక మనిషి మీద వేసిన నింద గురించీ చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

ముందు పెట్టె ఎందుకు కావలసి వచ్చిందో చెప్తాం. మా బస్తీలు లాల్‌దర్వాజ, ఛత్రినాక పక్కన. బోనాలు వచ్చాయంటే నాటుకోడికి ఉండే గిరాకీ మీకు చెప్పక్కర్లేదు. కోడి చేతికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. ఆషాఢంలో అమ్మాలంటే మాఘంలోనే పిల్ల లేవాలి. నాటుకోడి తనకు బుద్ధి పుట్టినప్పుడే పొదుగుకు కూర్చుంటుంది, మన పండగ చూసి కూర్చోదు. ఇక రాజేంద్రనగర్‌లో 1988 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలకు పొదుగుకు కూర్చునే గుణమే ఉండదు. అందుకని పది మందిమి కలిసి సంఘం నుంచి 12 వేలు అప్పు తీసుకున్నాం. థర్మోకోల్ పెట్టె, వేడి కంట్రోలు చేసే సర్క్యూటు, చిన్న ఫ్యాను, రెండు పాతకాలం ఫిలమెంటు బల్బులు కొన్నాం. ఎల్ఈడీ బల్బులు వెలుగే ఇస్తయ్, ఈ పనికి చాలినంత వేడి ఇవ్వవు. గుడ్లు తెచ్చి, పోయినేడు మే నెల మొదట్లో పెట్టాం.

పెట్టె ఒక సభ్యురాలి ఇంట్లో ఉండేది. ఆమె మగ్గం పని చేస్తుంది, ఇంటి పట్టునే ఉంటుంది కాబట్టి బాధ్యత ఆమెకిచ్చాం. పెట్టె మీద అంకె 37.6 చూపించేది. అంతా సరిగ్గా ఉందనుకున్నాం. చివరికి ఎనిమిది పిల్లలు లేచినరోజు మీటింగులో మా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "నువ్వు రాత్రి లేవలె. గుడ్లు తిప్పలె. గందుకే సచ్చినయ్." ఆమె ఎదురు మాట్లాడలేదు. నష్టంలో సగం నేనే కడతానని చెప్పి వెళ్ళిపోయింది. రెండు నెలలు మీటింగుకు రాలేదు.

కోళ్ళ పని తెలిసిన ఒక పెద్దాయన మమ్మల్ని ఒకటే అడిగాడు. "లేవని గుడ్లు పారేసిండ్రా, పగలగొట్టి చూసిండ్రా?" మిగిలిన 52 గుడ్లు ఇంకా మూలన గంపలోనే ఉన్నయ్. ముక్కుకు కొంగు కట్టుకుని, ఒక్కొక్కటే పగలగొట్టాం. 11 గుడ్లలో ఏమీ లేదు, అవి పుంజు తగలని గుడ్లు. 23 గుడ్లలో సన్నటి రక్తపు ఉంగరం ఉంది, అంటే మొదటి నాలుగైదు రోజుల్లోనే పిండం చచ్చిపోయింది. 18 గుడ్లలో పిల్ల పూర్తిగా తయారై, పొర ఎండి తోలులా బిగిసి, బయటికి రాలేక లోపలే పోయింది. లేచిన ఎనిమిది కూడా 21వ రోజు రాలేదు. 19వ రాత్రి, 20వ రోజు వచ్చినయ్, బొడ్డు సరిగ్గా మూసుకోలేదు.

పెద్దాయన అప్పుడు చెప్పిన మాట మాకు చెంపదెబ్బ లాంటిది. గుడ్డు తిప్పకపోతే పిల్ల ముందు లేవదు. వేడి ఎక్కువైతేనే ముందు లేస్తుంది. తప్పు ఆ మనిషి నిద్రలో లేదు, పెట్టె వేడిలో ఉంది.

మరి అంకె 37.6 చూపించింది కదా? ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ ధర్మామీటరు తీసి గుడ్ల మధ్య పెట్టాం. 39 దాటింది. కంట్రోలు వైరు కొస నీళ్ళ పళ్ళెం పక్కన, చల్లటి చోట వేలాడుతోంది. అది నీళ్ళ దగ్గర వేడిని చూపిస్తోంది, గుడ్ల దగ్గర వేడిని కాదు. ఇంకొకటి, ఆమెది రేకుల ఇల్లు. మే నెల మధ్యాహ్నం రేకుల కింద గది వేడే 40 దాటుతుంది. బల్బు ఆరిపోయినా పెట్టె చల్లబడదు. ఈ పెట్టెకు వేడి చెయ్యడమే వచ్చు, చల్లబరచడం రాదు. పైగా పది రోజులు దాటిన పిండాలు తమ వేడి తామే పుట్టిస్తయ్. గుడ్లను కూడా అదే గదిలో తొమ్మిది రోజులు దాచి పెట్టాం. 21 డిగ్రీలు దాటితే గుడ్డు లోపల పిండం కొద్దికొద్దిగా పెరగడం మొదలుపెడుతుంది. అట్లా సగం సగం పెరిగిన పిండం బలహీనపడి, పెట్టెలోకి పోగానే చస్తుంది. 23 రక్తపు ఉంగరాలకు గది వేడీ, పెట్టె వేడీ రెండూ కారణమే.

సరే, వేడి సంగతి తెలిసింది. పొర ఎండిపోయింది కాబట్టి తేమ చాలలేదనీ తెలిసింది. ఈసారి నీళ్ళు బాగా పోద్దాం అనుకుని బోనాల నెలలో రెండో విడత పెట్టాం. పళ్ళేలు నిండుగా పోసి, స్పాంజి కూడా పెట్టాం. వేడి సరిగ్గా ఉంది, 21వ రోజు కొన్ని పిల్లలు ముక్కుతో పెంకు పగలగొట్టినయ్ కూడా. కానీ చాలావరకు అక్కడే ఆగిపోయినయ్. పగలగొట్టి చూస్తే ఉబ్బిన పిల్ల, ఒళ్ళంతా జిగురు, లోపల నీళ్ళు. ఎండాకాలంలో ఎండి చచ్చినయ్, వానాకాలంలో మునిగి చచ్చినయ్.

ఇక్కడ మాకు అర్థమైన సంగతి కొంచెం నిదానంగా చెప్తాం. గాలి వేడెక్కితే దానిలో తేమ శాతం పడిపోతుంది. వానాకాలంలో బయట 26 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలి, పెట్టెలో 37.5కు వేడెక్కితే దాదాపు 45 శాతం అవుతుంది. మనకు మొదటి 18 రోజులు కావలసింది 50 నుంచి 55. అంటే చిన్న గిన్నెడు నీళ్ళు చాలు. మేం బకెట్టు పెట్టినంత పని చేశాం. అదే మే నెల పొడి గాలి అయితే పెట్టెలో పాతిక శాతం కూడా ఉండదు. చలికాలం తేమగా ఉంటుందనుకుంటాం గానీ, డిసెంబరు చల్లటి గాలి పెట్టెలో వేడెక్కితే అది కూడా ఇరవై శాతం దగ్గరికి పడిపోతుంది. కాబట్టి నీళ్ళు ఎన్ని పొయ్యాలన్నది నెలను బట్టి మారుతుంది. పోయిన నెల లెక్క ఈ నెల పనికి రాదు.

తేమ మీటర్లు చవకవి, వాటిని గుడ్డిగా నమ్మొద్దు. ముందు ఉప్పుతో పరీక్ష పెట్టండి. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్ళు చిలకరించి, మీటరుతో కలిపి గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే ఆ మీటరు అయిదు తక్కువ చెప్తుందని దాని మీదే రాసి అంటించండి. నీళ్ళ విషయంలో ఇంకో మాట. పళ్ళెం లోతుగా ఉంటే తేమ పెరగదు, వెడల్పుగా ఉంటే పెరుగుతుంది. తేమ తగ్గాలంటే పళ్ళెం చిన్నది చెయ్యండి, గాలి రంధ్రం తెరవండి. రంధ్రాలు పూర్తిగా మాత్రం ఎప్పుడూ ముయ్యొద్దు, లోపలి పిల్లకు ఊపిరి కావాలి.

మీటరు కన్నా నమ్మకమైన సాక్షి గుడ్డే. పెంకులో కంటికి కనపడని రంధ్రాల గుండా గుడ్డు రోజూ కొంత నీరు వదులుతుంది. 18 రోజులకు దాని బరువులో 11 నుంచి 13 శాతం తగ్గాలి. మేం పది గుడ్లకు పెన్సిలుతో గుర్తు పెట్టి, డిజిటల్ కాటా మీద కలిపి తూస్తాం. మొదటి రోజు 500 గ్రాములుంటే ఏడో రోజుకు 477, పద్నాలుగో రోజుకు 453, పద్దెనిమిదో రోజుకు 440 దగ్గర ఉండాలి. బరువు ఎక్కువ తగ్గుతుంటే నీళ్ళ పళ్ళెం పెంచుతాం, తక్కువ తగ్గుతుంటే తగ్గిస్తాం. సెల్‌ఫోను లైటు పెట్టి చూసినా మొద్దు వైపు గాలి గది రోజురోజుకూ పెద్దదవడం కనిపిస్తుంది. ఈజిప్టులో కరెంటు లేని కాలం నుంచీ మట్టి పొయ్యి గదుల్లో వేల గుడ్లు పొదిగించేవాళ్ళు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూసుకునేవాళ్ళట. వాళ్ళూ గుడ్డునే అడిగారు, మనమూ గుడ్డునే అడగాలి.

మూడో విడతకు ముందు మేం ఆమె ఇంటికి పోయాం. పది మందిమీ పోయాం. పగలగొట్టిన గుడ్ల లెక్క చూపించి, తప్పు మాదేనని చెప్పాం. ఆమె లెక్క అంతా చదివి, "పెట్టె మళ్ళీ నా ఇంట్లో పెట్టకండి, రేకుల కింద నిలవదు. పుస్తకం మాత్రం నాకియ్యండి" అంది. పెట్టెను గచ్చు గోడల పాత మిద్దె ఉన్న ఇంట్లోకి, కింది గదిలోకి మార్చాం. కార్తీకంలో 50 గుడ్లు పెట్టాం. ఏడో రోజు లైటు పెట్టి చూసి, 6 ఖాళీవి, 3 రక్తపు ఉంగరం ఉన్నవి తీసేశాం. 18వ రోజుకు 38 మిగిలినయ్. 35 పిల్లలు లేచినయ్. అప్పులో మొదటి రెండు వాయిదాలు ఆ పిల్లలే కట్టినయ్.

మొదలుపెట్టాలనుకునే సంఘాలకు మేం పాటించే పద్ధతి చెప్తాం.

గుడ్లు ఏడు రోజులకు మించి దాచొద్దు. ఎండలు ముదిరితే మూడు నాలుగు రోజులే. తడి ఇసుకలో పాతిన పొడి కుండలో, మొన వైపు కిందికి పెట్టి ఉంచండి. ఫ్రిజ్ మరీ చల్లన, వద్దు. దూరం నుంచి తెచ్చిన గుడ్లకు ఒక పూట విశ్రాంతి ఇవ్వండి.

ఖాళీ పెట్టెను ఒక రోజంతా నడిపి, వేడి నిలబడ్డాకే గుడ్లు పెట్టండి. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5. ఫ్యాను లేకపోతే గుడ్ల పై అంచు దగ్గర 38.3 నుంచి 38.8. కంట్రోలు వైరు కొస గుడ్ల ఎత్తులోనే, నీళ్ళకూ బల్బుకూ దూరంగా ఉండాలి.

గుడ్డుకు ఒక పక్క ఇంటూ, ఇంకో పక్క సున్నా గుర్తు పెట్టి, రోజుకు మూడు లేక అయిదు సార్లు తిప్పండి. బేసి లెక్క అయితే రాత్రి పొడుగునా ఒకే పక్క ఉండదు, ఇవాళ ఒక పక్క ఉంటే రేపు రెండో పక్క. ఇందుకోసం అర్ధరాత్రి ఎవరూ లేవక్కర్లేదు. మేం అన్న మాట ఎంత తప్పో దీంతో మీకే తెలుస్తుంది.

18వ రోజు తిప్పడం ఆపండి. తేమ 65 నుంచి 70కి పెంచండి. ఆ మూడు రోజులు మూత తెరవొద్దు. పిల్ల ముక్కు బయట పెట్టింది కదా అని ఒక్కసారి తెరిస్తే పొర ఎండి పక్క పిల్ల బిగుసుకుపోతుంది. లేచిన పిల్ల ఒళ్ళు ఆరేదాకా లోపలే ఉంచండి. పచ్చసొన కడుపులో ఉంటుంది కాబట్టి రెండు రోజులు మేత లేకున్నా తట్టుకుంటుంది.

కరెంటు పోతే కంగారు పడి మూత తియ్యకండి. దుప్పటి కప్పండి, గాలి రంధ్రం వదలండి. గంట, రెండు గంటల చల్లదనం గుడ్డు ఓర్చుకుంటుంది. కోడి కూడా రోజూ మేతకు కాసేపు లేస్తుంది కదా. వేడి ఎక్కువైతే మాత్రం ఓర్చుకోదు.

చివరగా సమాఖ్యకు మా మూడు విన్నపాలు. గుడ్లు పొదిగించే యూనిట్‌కు అప్పు ఇచ్చేటప్పుడు ధర్మామీటరు, తేమ మీటరు, కాటా ఖర్చు కూడా కలిపి ఇవ్వండి. రేకుల ఇళ్ళలో ఏప్రిల్, మే నెలల్లో కొత్త విడత పెట్టించకండి. ఏ యూనిట్ నష్టపోయినా, మనిషిని నిలబెట్టి అడిగే ముందు పుస్తకం తెరిచి చూడాలని తీర్మానం చెయ్యండి.

మన సంఘాల్లో పది రూపాయలు కట్టినా పుస్తకంలో రాస్తాం. ఎవరి మాటా కాదు, పుస్తకంలో ఉన్నదే లెక్క అంటాం. గుడ్ల దగ్గర ఆ సంగతి మరిచాం. ఇప్పుడు పెట్టె పక్కన పుస్తకం ఉంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేడి, తేమ, వారానికోసారి బరువు, తిప్పినవాళ్ళ సంతకం. ఆ పుస్తకం రాసేది ఆమే. ఇవాళ మీ ముందు వరుసలో కూర్చుని ఉంది. ఆ రోజు మేం అన్న మాట పది మంది ముందు అన్నాం, తప్పు ఒప్పుకోవడం ఇంత మంది ముందు కావాలని ఈ మాటలు వార్షిక నివేదికలో అచ్చు వెయ్యమని అడిగాం. ఒప్పుకున్నందుకు పాలకవర్గానికి, మళ్ళీ మాతో కూర్చున్నందుకు ఆమెకు మా అందరి కృతజ్ఞతలు.