వాచీలో గెలిచి, నగలో తడబడి



ఇవాళ పట్టా అందుకున్న మీరు చదివిన మార్కెటింగ్ పాఠాల్లో కోడాక్, నోకియా కథలు వచ్చే ఉంటాయి. కాలంతో మారనివాళ్లు మునిగిపోయారని వాటి సారాంశం. అందులో అబద్ధం లేదు. కానీ అది విన్నవాళ్లకు సోమవారం పొద్దున ఆఫీసుకెళ్లి ఏం చేయాలో తెలియదు. అందుకని నేను మారిన కంపెనీ కథ చెబుతాను. అది ఒకసారి మారి గెలిచింది. ఆ గెలుపు ఊపులోనే మరో వ్యాపారంలో దిగి దెబ్బతింది. తర్వాత మళ్లీ నేర్చుకుంది. హోసూరు టైటాన్ సంగతి అది.

ముందు హెచ్ఎంటీ గురించి రెండు మాటలు. ఆ ప్రభుత్వ సంస్థ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతా, కోహినూర్, కాంచన్. మీ తాతగారి పెళ్లి ఫొటో ఇంట్లో ఉంటే ఒకసారి ఆయన మణికట్టు చూడండి. అల్లుడికి వాచీ పెట్టడం ఆ రోజుల్లో పెళ్లి మాటల్లో ఒక అంశం. అడిగినవాళ్లందరికీ సరిపడా సరుకు ఉండేది కాదు. అందువల్ల ఆ సంస్థకు పంచడం అలవాటైంది గానీ అమ్మడం అలవాటు కాలేదు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు తెలియక కూడా కాదు, అవీ చేసింది. కానీ ధ్యాసంతా కీ ఇచ్చే వాచీల మీదే పెట్టుకుంది.

1984లో టాటాలూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్‌ను పెట్టారు. నడిపించినవారు జెర్క్సెస్ దేశాయ్. క్వార్ట్జ్‌నే నమ్ముకున్నారు. అంతకంటే ముఖ్యం, వాచీని టైం చూసుకునే పనిముట్టుగా కాక అలంకారంగా, బహుమతిగా చూపించారు. వెలుతురున్న షోరూముల్లో అద్దాల వెనక వరసగా పేర్చారు. మోజార్ట్ 25వ సింఫనీలోని స్వరాన్ని టీవీ ప్రకటనకు పెట్టారు. సింఫనీ అంటే తెలియని ఇళ్లలో కూడా ఆ ట్యూన్ కూనిరాగమైంది. చేతికి ఒక వాచీ ఉన్నవాళ్లు రెండోది కొనుక్కోవడం మొదలుపెట్టారు. చివరికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది.

ఇక్కడితో ఆపితే ఇదీ పాఠ్యపుస్తకం కథే. నాకు ఆసక్తి ఉన్నది దీని తర్వాతి భాగం మీద.

1990లలో టైటాన్ నగల్లోకి దిగింది. పేరు తనిష్క్. మొదటి ఆలోచన విదేశాలకు ఎగుమతి. తర్వాత మన మార్కెట్‌కు తిరిగింది. వాచీని నగలా అమ్మి గెలిచినవాళ్లు కదా, నగను కూడా ఫ్యాషన్‌లా అమ్మవచ్చనుకున్నారు. 18 క్యారెట్ల బంగారంలో రాళ్లు పొదిగిన, పాశ్చాత్య పోకడల నగలు తెచ్చారు. సాంకేతికంగా చూస్తే తప్పు లేదు. 18 క్యారెట్ల లోహం గట్టిగా ఉంటుంది, రాయిని బాగా పట్టుకుంటుంది. జనం వచ్చారు, చూశారు, బాగున్నాయన్నారు, వెళ్లిపోయారు. నష్టాలు పేరుకున్నాయి.

మన ఇళ్లలో బంగారం ఏం చేస్తుందో ఆలోచించండి. పెళ్లిలో మెడలో ఉంటుంది. పెట్టుబడికి డబ్బు అందకపోతే తాకట్టులో ఉంటుంది. ఆస్పత్రి బిల్లొస్తే బీరువాలోంచి బయటికొస్తుంది. ఇలా వాడుకునే ఇల్లాలికి 18 క్యారెట్లంటే నూటికి డెబ్బైఅయిదు పాళ్లు బంగారం, మిగతాది వేరే లోహం. 22 క్యారెట్లకు అలవాటైన ఆమె ఆ లెక్కను ఎవరూ చెప్పకుండానే వేసుకుంది. వాచీల దగ్గర కొనేవాళ్లకు కొత్త రుచి నేర్పింది కంపెనీ. బంగారం దగ్గర కొనేవాళ్లకే కంపెనీ కంటే ఎక్కువ తెలుసు. ఈ తేడా పట్టుకోవడానికి టైటాన్‌కు కొన్నేళ్లు పట్టింది. మీరు చదువుకున్న వ్యూహరచనలో సగం, నా మటుకు నాకు, ఈ తేడా పట్టుకోవడమే.

తనిష్క్ 22 క్యారెట్లకు వచ్చింది. అయినా పక్క కొట్టు వదిలి ఇక్కడికెందుకు రావాలి? మూడు తరాలుగా నమ్మిన సేటు ఉన్నాడు. కానీ ఆ నమ్మకంలోనే ఒక భయం దాగి ఉంది. అదే నగను మరో కొట్లో మార్చబోతే గీటురాయి మీద గీసి, రాగి ఎక్కువుందని ధర తగ్గిస్తారు. ఎవరి మాట నిజమో తేల్చుకునే దారి లేదు. తనిష్క్ షోరూముల్లో క్యారెట్‌మీటర్ అనే యంత్రం పెట్టారు. కోయకుండా, కరిగించకుండా ఎక్స్‌రేలతో కొద్ది నిమిషాల్లో శుద్ధత చెబుతుంది. ఎవరైనా తమ నగ తెచ్చి చూపించుకోవచ్చు. 22 అని కొన్న చాలా నగల్లో అంతకు తక్కువే తేలింది.

అది అక్కడితో ఆగి ఉంటే వచ్చినవాళ్లు కళ్లనీళ్లతో వెళ్లేవారు, కంపెనీ మీదే కోపం పెంచుకునేవారు. చెడువార్త చెప్పినవాళ్లను ఎవరు ప్రేమిస్తారు? అందుకే శుద్ధత తగ్గిన పాత నగ ఇచ్చి, మజూరీ మాత్రం చెల్లించి 22 క్యారెట్ల నగ తీసుకెళ్లే పథకం పెట్టారు. తేడా బంగారం ఖర్చును కంపెనీ భరించింది. ప్రకటనల బడ్జెట్‌తో ఇంత నమ్మకం కొనగలిగేవారని నేననుకోను. ఇవాళ టైటాన్ ఆదాయంలో అత్యధిక భాగం వాచీలది కాదు, నగలది.

ప్రభుత్వ శుద్ధత ముద్ర హాల్‌మార్క్ కూడా వచ్చింది, 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 22 క్యారెట్లకు వేసే 916 ముద్ర వీధి చివరి కొట్లోనూ దొరికాక శుద్ధత ఒక్కరి సొత్తు కాదు. కొనేవాళ్ల అనుమానం తరుగు మీదికి మళ్లింది. ఆ అనుమానాన్ని పట్టుకున్నది లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్. సినిమా తారలను పక్కన పెట్టి, యజమానే టీవీలో నిలబడి, డబ్బులు ఎవరికీ ఊరికే రావని, నగ ఫొటో తీసుకెళ్లి నాలుగు కొట్లలో ధర పోల్చుకోమని చెప్పారు. మీలో చాలామంది ఆ గొంతును అనుకరించే ఉంటారు. నవ్వుకోండి, కానీ ఆ ప్రకటనను పాఠంగా కూడా చూడండి.

ఇంకో విచిత్రం. తులం లక్ష దాటాక 18 క్యారెట్ల నగలకు గిరాకీ వచ్చింది. 2025లో 9 క్యారెట్ల బంగారాన్ని కూడా హాల్‌మార్క్ పరిధిలో చేర్చారు. ఒకనాడు తనిష్క్‌ను ముంచిన సరుకే ఇప్పుడు అమ్ముడవుతోంది. కాబట్టి 18 క్యారెట్లు మనవాళ్లు కొనరని నోట్సులో రాసుకున్న మేనేజరు ఎవరైనా ఉంటే, ఆయన లెక్క ఇప్పుడు తప్పు.

మీలో కొందరు కంపెనీల్లో చేరతారు, కొందరు సొంత కొట్టు తెరుస్తారు, కొందరు నాన్నగారి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. కృత్రిమ మేధ మీకు నిమిషంలో మార్కెట్ నివేదిక ఇస్తుంది, తీసుకోండి. కానీ చేరిన మొదటి నెలలోనే, పైవాళ్లు చెప్పకపోయినా, ఒక శనివారం సాయంత్రం మీ సరుకు అమ్మే కొట్లో కౌంటర్ వెనక నిలబడండి. కొన్నవాళ్లను వదిలేయండి. బేరమాడి, చూసి, కొనకుండా వెళ్తున్నవాళ్లను గుమ్మం దగ్గర పలకరించి కారణం అడగండి. విన్నది విన్నట్టు రాసి మీ పై అధికారికి పంపండి.