గోల్కొండ కోర్సా? గచ్చిబౌలి కోర్సా?

ఈరోజు హైదరాబాద్‌లోని రెండు గోల్ఫ్ కోర్సులు పోల్చి చూద్దాం.

గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ డిజైన్ పీటర్ హరాడిన్‌ది. పేరుకు తగ్గట్టే పెద్ద పెద్ద రాతి గుండ్లు. బంతి వాటికి తగిలిందా, ఎటు పోతుందో చెప్పలేం! రెండోది గోల్కొండ నయా ఖిలాలో, 17వ శతాబ్దపు కోట గోడల మధ్య. వందల ఏళ్ల బావోబాబ్ చెట్టు కూడా అక్కడే ఉంది.

ఇక మెయింటెనెన్స్. గ్రీన్ మీద గడ్డి కొన్ని మిల్లీమీటర్లే ఉండాలి. అంటే తరచూ కోయాలి, ఎండాకాలం బాగా నీళ్లు పెట్టాలి. గచ్చిబౌలిలో అది ఖర్చు లెక్క. గోల్కొండలో మాత్రం తవ్వే ప్రతి అడుగు కిందా చరిత్ర ఉండొచ్చు.

అందుకే అక్కడ నేను మార్కులు పచ్చదనానికి వేయను. కోట చెక్కుచెదరకుండా ఉండాలి, గోల్ఫ్ ఆడనివాళ్లూ ఆ చెట్టు దాకా వెళ్లగలగాలి. అప్పుడే అది మంచి కోర్సు. మీరేమంటారు?