తొలకరి పైరు - జింకల వేట
(గుణదల ప్రాంతపు రైతులకై చేయబడిన ప్రసంగపాఠము)



తొలకరి పదునున విత్తనము మొలచిన పిమ్మట రెండు మూడు వారములు మెట్టరైతునకు మిక్కిలి గడ్డుకాలము. ముదిరిన పైరును జింక మేసినను కొంత మరల చిగిర్చును. రెండాకుల కంది మొలకను మొదలంట కొఱికినచో అది తిరిగి లేవదు. మరల విత్తవలెనన్న విత్తనము, కూలి మాత్రమే గాక పదునుకూడ దాటిపోవును.

గుణదల కొండ చుట్టును నేడు ఇండ్లు వెలసి అది బెజవాడలో కలిసిపోయినది. అచ్చట కాపురముండి దూరపు మెట్టలలో భూములుగలవారికే ఈ మాటలు. ఈ కృష్ణకే ఎగువన నారాయణపేట జిల్లా మక్తల్ ప్రాంతమున కృష్ణజింకల మందలు పత్తి, కంది మొలకలను మేయగా రైతులు రెండవమాఱు విత్తుకొనవలసివచ్చుచున్నది. బట్టమేకపిట్టకై ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యము చెంతను రైతుల కిదియే బాధ.

పూర్వము ఈ కొలదిదినములలోనే రైతులు ఉరులతోను, కుక్కలతోను వేటకు వెడలుచుండిరి. 1912వ సంవత్సరపు చట్టము వేటకు నిషిద్ధకాలము నేర్పరచుటకు వీలు కల్పించినను, ఆస్తిరక్షణకై నిజముగా చంపినవానిని తప్పుపట్టలేదు. ఆ హక్కు నేటికిని గలదని తలచువారు కలరు. అది పొరపాటు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఉరి పన్నుటయు, ఎర పెట్టుటయు, అందులకు యత్నించుటయు వేటయే. కృష్ణజింక మొదటి షెడ్యూలునందలి మృగము, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. దానిని చంపినవానికి 3 మొదలు 7 సంవత్సరముల వఱకు ఖైదు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా. పది సెంట్ల మొలకకై ఇంతటి సాహసము వివేకము కాదు. చేనిగట్టున విద్యుత్తు తీగ లాగుట అంతకంటె ఘోరము. తెల్లవారుజామున ఆ తీగను తాకువాడు పొరుగురైతే కావచ్చును.

అడవిపంది సంగతి వేఱు. అది రెండవ షెడ్యూలునందున్నది గనుక, పైరునకు ముప్పైనచో అధికారము గల అటవీయధికారి వ్రాతమూలకముగ వేట కనుమతింపవచ్చును. అయినను చచ్చిన మృగము సర్కారు సొత్తు, మాంసము పంచుకొనరాదు.

కనుక ఆ కొలదిదినములను కావలికే వినియోగింపవలెను. ముందుగా ఒంటరిగా విత్తినవాని చేనిమీదనే మంద యంతయు పడును. ఇరుగుపొరుగువా రొకే పదునున విత్తినచో మేత పలుచేలకు పంచబడి ఏ యొక్కరును మునిగిపోరు. ఖర్చులేని ఈ ఉపాయమును పాటించువారు అరుదు! గట్టువెంబడి రెండు సాళ్లు ఒత్తుగా విత్తుట మేలు. జింకలు తెల్లవాఱునప్పుడును, ప్రొద్దుగ్రుంకువేళను మేతకు దిగును. రాత్రియెల్ల మేల్కొని ఆ రెండు వేళలను నిద్రించిన కావలి వ్యర్థము. నలుగురు వంతులు వేసికొని మంచెపై నుండి డబ్బా మ్రోగించుట చాలును.

తుమ్మకంప, రేగుకంప వెడల్పుగా పఱచవలెను. ఎత్తుగా సన్నముగా వేసిన కంచెను జింక దాటిపోవును. రంగుచీరలు కట్టుట మంచిదేగాని, ఒకేచోట విడిచిన నాలుగు దినములలో వాని కలవాటగును, తావులు మార్చుచుండవలెను. పందుల బెడద గలచోట మొక్కజొన్న చుట్టు నాలుగు వరుసల ఆముదము వేయుట రాజేంద్రనగరమునందలి వ్యవసాయశాస్త్రజ్ఞుల సలహా.

ఇంత చేసినను నష్టము తప్పనిచో వెంటనే అర్జీ వ్రాసి, సర్వేనంబరు, విస్తీర్ణము, విత్తిన తేదీ, మేసిన తేదీ తెలిపి రేంజి అధికారికిని, గ్రామ రెవెన్యూ ఉద్యోగికిని ఇయ్యవలెను. పలువురు మరల దున్నిన పిమ్మట అర్జీ తీసికొనిపోవుదురు. అప్పుడు చూపుటకు అడుగుజాడయైనను మిగులదు. పదును ఆగదు గనుక, దున్నుటకు ముందే గట్టు గుర్తు కనబడునట్లు చేతిఫోనుతో ఛాయాచిత్రములు తీసికొని, మేసిన తావులో రెండు సాళ్లను దున్నక విడువవలెను.