బడి ఫీజు - పేదింటి అర్జీ

కోనసీమలో వెనుకటి తరములవారు చదువునకై పొందిన సహాయమునకు ‘వారములు’ అని పేరు. దూరపు ఊరినుండి అమలాపురమునకో కొత్తపేటకో వచ్చిన పేద విద్యార్థి సోమవారమొక యింట, మంగళవారమొక యింట భోజనము చేయుచు, ఏడిండ్ల దయతో సంవత్సరము గడుపుకొనెడివాడు. అన్నము పెట్టిన ఆ తల్లుల పుణ్యమును తక్కువ చేయరాదు. అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. ఆ విస్తరి అందరికిని వేయబడలేదు. అగ్రహారపు అరుగెక్కుటకు వీలున్న పిల్లవానికే అది దొరకినది; ఊరి చివరి పేటలోని పిల్లవానికి ఆ అరుగే అందలేదు. అక్కడ అర్జీ పెట్టుకొను పద్ధతి లేదు, కాదన్నవారు కారణము చెప్పవలసిన పనియు లేదు. పెట్టువారి మనస్సే చట్టము.

నేడు సహాయము అర్జీ రూపము దాల్చినది. ఇది మేలైన మార్పే. కాని దయకు బదులు కాగితము వచ్చినప్పుడు, కాగితము సంగతి తెలిసినవారికే సహాయము చేరు ప్రమాదము కలదు. కొబ్బరి దింపు తీయువాని ఇంట, పీచు మిల్లులో కూలికి పోవు తల్లి ఇంట ఈ సంగతి తెలియజెప్పువారు తక్కువ. అందుచేత జనులు కాన్వెంటులని పిలుచు ప్రైవేటు బడులలో పేద పిల్లలకు ఏమి లభించునో, దానిని ఎట్లు అడుగవలెనో కొంత వివరముగా చెప్పుకొందము.

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. ప్రభుత్వమునుండి పైసా సహాయము పొందని ప్రైవేటు బడి సైతము ఒకటవ తరగతి స్థానములలో నూటికి 25 బలహీనవర్గముల పిల్లలకు ఇచ్చి, వారికి ఎనిమిదవ తరగతి ముగియువరకు చదువు చెప్పవలెనని అందలి పండ్రెండవ విభాగము శాసించుచున్నది. ఇది చెల్లునని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అల్పసంఖ్యాక వర్గములవారు నడుపు బడులకు మాత్రము ఇది వర్తింపదని 2014లో మరియొక తీర్పు వచ్చెను. కనుక అర్జీలో బడి పేరు వ్రాయుటకు ముందు అది ఏ కోవకు చెందినదో విచారించుట మంచిది.

మన ఆంధ్రప్రదేశమున ఈ నియమము 2022-23 విద్యాసంవత్సరమునకు గాని సరిగా ఆచరణలోనికి రాలేదు. ఆ ఉత్తర్వు వెలువడిన 2022 జూలై నెలలోనే గోదావరికి మహావరద వచ్చి, ధవళేశ్వరము ఆనకట్ట దాటి 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు సముద్రమునకు పరుగెత్తెను. లంక గ్రామముల జనులకు పడవలే దిక్కైన రోజులవి. బడులు అప్పటికే తెరచియుండెను. అట్టి సమయమున ఉచిత స్థానమునకు అర్జీ పెట్టుడని చాటిన చాటింపు ఎందరి చెవిని పడియుండునో మీరే ఊహింపవచ్చును. తరువాతి సంవత్సరములలో అర్జీల కాలము వేసవివైపునకు జరిగినది. తేదీలు ఏటేటా మారును; ఫిబ్రవరి నెల దాటినది మొదలు పత్రికలను, బడి నోటీసు పలకను కనిపెట్టియుండవలెను.

ఆ 25 స్థానముల పంపకము ఇట్లున్నది: షెడ్యూల్డు కులములకు 10, షెడ్యూల్డు తెగలకు 4, అనాథలకును వికలాంగులకును హెచ్.ఐ.వి. బాధితుల పిల్లలకును కలిపి 5, వెనుకబడిన తరగతులు మొదలైన ఇతర బలహీనవర్గములకు 6. ఈ చివరి కోవవారికి ఆదాయ పరిమితి కలదు. గ్రామములలో ఏడాదికి 1,20,000 రూపాయలు, పట్టణములలో 1,44,000 రూపాయలు మించరాదు. అర్జీని ఇంటర్నెట్టు ద్వారా పంపవలెను. అది చేతగానివారు ఊరి సచివాలయమునకు గాని, మండల విద్యాధికారి కార్యాలయమునకు గాని పోయి అడుగవచ్చును. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఇక కాగితముల మాట. బిడ్డ జనన పత్రము, ఆధారు కార్డు, తల్లిదండ్రుల చిరునామాను చూపు రేషను కార్డు వంటి ఆధారము ముఖ్యమైనవి. వినుటకు ఇది చిన్న జాబితా. కాని కోనసీమలో ఇదియే పెద్ద అడ్డంకి. తల్లి కువైటులోనో మస్కటులోనో ఇంటిపనికి పోయి మూడేండ్లు కావచ్చును. బిడ్డ అమ్మమ్మ వద్ద రాజోలు ప్రాంతమున పెరుగుచుండును. రేషను కార్డులో పేరు తండ్రి ఊరిలో, ఆధారులో చిరునామా మరియొక ఊరిలో! మొదట ఒక కిలోమీటరు లోపలి పిల్లలకు, తరువాత మూడు కిలోమీటర్ల లోపలి పిల్లలకు స్థానములిత్తురు గనుక, కాగితముమీది చిరునామా తప్పైనచో ఎదుటి బడియే దూరపు బడియగును. ఈ సవరణలు నోటీసు వచ్చిన పిమ్మట మొదలుపెట్టిన గడువులోపల తేలవు. బిడ్డకు నాలుగేండ్లు నిండగానే అమ్మమ్మలు ఆ పని చూచుకొనవలెను. లంకలవారు ఈ పత్రములను నీరు చొరని సంచిలో అటకమీద దాచుట మేలు. జనన పత్రము లేనంతమాత్రమున బిడ్డను చేర్చుకొనమనుటకు వీలులేదని చట్టము పదునాలుగవ విభాగమున స్పష్టముగా చెప్పుచున్నది. అయినను వాదులాటకన్న పత్రమే సుళువు.

అర్జీలు స్థానములకు మించినపుడు లాటరీ తీయుదురు. బిడ్డకుగాని తల్లిదండ్రులకుగాని పరీక్ష పెట్టరాదు, విరాళము అడుగరాదు. అట్లు చేసిన బడికి జరిమానా కలదు.

‘ఉచితము’ అను మాటను కొంచెము పట్టి చూడవలెను. 2022-23 సంవత్సరమునకు ఒక్కొక్క బిడ్డకు ఫీజు పట్టణమున 8,000, గ్రామమున 6,500, గిరిజన ప్రాంతమున 5,100 రూపాయలని ప్రభుత్వము నిర్ణయించెను. ఆ సొమ్మును తల్లి ఖాతాలో పడు అమ్మఒడి డబ్బునుండియే బడికి కట్టవలెనని ఏర్పాటు చేసిరి. అనగా ఒక చేతితో ఇచ్చినది మరియొక చేతితో తీసుకొనుట. చట్టము కోరినది ఇది కాదని నా అభిప్రాయము. అమ్మఒడి ఇప్పుడు లేదు. 2025 జూను నుండి ‘తల్లికి వందనము’ అను పథకము క్రింద, అర్హతగల కుటుంబమున బడికి పోవు ప్రతి బిడ్డ పేరిట 15,000 రూపాయలు కేటాయించి, అందులో 13,000 తల్లి ఖాతాలో వేయుచున్నారు. ప్రైవేటు బడి పిల్లలకును ఇది వర్తించును. బిడ్డను చేర్చునపుడే బస్సునకు, దుస్తులకు, పుస్తకములకు వేరుగా ఏమి అడుగుదురో కాగితముమీద వ్రాయించుకొనుడు.

లాటరీలో పేరు రానివారి సంగతి యేమి? వారికి మిగిలిన దారి బడి యజమానికి, అనగా కరస్పాండెంటునకు, రాయితీకై విన్నపము పెట్టుకొనుట. ఇది హక్కు కాదు, ఆయన ఇష్టము. కాని విన్నపము వ్రాయు తీరునుబట్టి ఫలితము మారును. కష్టముల వర్ణన రెండు వాక్యములు చాలును. సంపాదించువారెవరు, నెలకెంత వచ్చును, పిల్లలెందరు, మీరు కట్టగలిగినదెంత, ఏ నెలలో కట్టగలరు - ఈ ఐదును అంకెలతో వ్రాయుడు. ‘దయచూడు’డను మాటకంటె ‘పద్దెనిమిది వేలలో పదివేలు కట్టగలను’ అను మాటకు బరువెక్కువ. జూను నెలలో కౌలు రైతు చేతిలో డబ్బుండదు. దాళ్వా సొమ్ము అప్పులకు పోయి, సార్వా ఊడ్పులకు మరల అప్పు వెదకు కాలమది. కొంత ఇప్పుడు, కొంత డిసెంబరులో సార్వా నూర్పిళ్లు అయిన తరువాత అని కోరుట న్యాయమైన కోరిక. ఒప్పుకొన్నచో సంతకము చేయించుకొని, కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకొనుడు.

ఫీజు గడువు పేదవాని చేతి సొమ్మును చూచి రాదు. ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లలను సాకిన ఒక తల్లి, కుమారుని పరీక్ష ఫీజు మూడు రూపాయలకై తన పట్టుచీరను కుదువపెట్టినది. ఆ కుమారుడు టంగుటూరి ప్రకాశము పంతులు 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి అయ్యెను. ఆ కథను మనము గర్వముగా చెప్పుకొందుము. ఆ చీరను కుదువపెట్టనక్కరలేని ఏర్పాటును గూర్చి అంతగా తలపెట్టము.

విన్నపపు కాగితమును పిల్లవానిచేత పంపకుడు. పెద్దలే పోవలెను. ఫీజు బాకీ పిల్లల పేర్లు తరగతిలో చదువుట, వారిని వెలుపల నిలుపుట కొన్ని బడులలో అలవాటు. పిల్లల మనస్సును హింసించుట చట్టము పదునేడవ విభాగమున నిషిద్ధము. ఎనిమిదవ తరగతిలోపు బిడ్డ బడి మారదలచినపుడు బదిలీ పత్రమును వెంటనే ఈయవలెనని అయిదవ విభాగము చెప్పుచున్నది. బాకీ పేరుచెప్పి దానిని బిగబట్టినచో మండల విద్యాధికారికి వ్రాతమూలకముగా తెలుపుకొని, ఆ అర్జీ నకలు దాచుకొనవచ్చును.

మరియొకటి. ఉచిత స్థానము ఎనిమిదవ తరగతితో ముగియును. 2022లో ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు 2030 జూనులో తొమ్మిదిలో కాలు పెట్టుదురు. నాటినుండి పూర్తి ఫీజు పడును. జాతీయ ప్రతిభా ఉపకార వేతనము ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిదినుండి పన్నెండువరకు, ఎనిమిదవ తరగతిలో వ్రాయు పరీక్షపైన ఇత్తురు. కాని అది ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ప్రైవేటు బడిలో ఉచితముగా చదువు పేదబిడ్డకు ఆ పరీక్ష వ్రాయు అర్హత లేదు. కనుక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు మారదలచినవారు ఆ మార్పును ఏడవ తరగతి ముగియగానే చేసికొనవలెను. ఎనిమిది ముగిసినదాక ఆగినచో పరీక్ష దాటిపోవును.