ఏడు నిమిషాల స్పీచ్‌కి పది రోజులు చాలు

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నా. ఓయూ హాస్టల్‌లో ఉండే ఒక చెల్లి రాసింది. "అన్నా, టెన్త్ దాకా తెలుగు మీడియం. పది రోజుల్లో ఇంగ్లిష్ స్పీచ్ కాంపిటీషన్ ఉంది. టాపిక్ సిటీలో పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్, టైమ్ ఏడు నిమిషాలు. స్పీచ్ ఏఐతో రాయించి బట్టీ పట్టాను. మూడో లైన్ దగ్గరే ఆగిపోతున్నా. పేరు వెనక్కి తీసుకోనా?"

వద్దు చెల్లీ. పేరు అలాగే ఉంచు, ఆ స్పీచ్ మాత్రం పక్కన పెట్టు.

ముందు మీడియం భయం సంగతి చూద్దాం. నువ్వు ఉంటున్న యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు పాఠాలు చెప్పింది ఇంగ్లిష్‌లో కాదు, ఉర్దూలో. సి. నారాయణరెడ్డి గారు డిగ్రీ దాకా ఉర్దూ మీడియంలోనే చదివారు. తర్వాత ఇదే ఓయూలో తెలుగు ప్రొఫెసర్ అయ్యారు, 1988కి జ్ఞానపీఠ్ అందుకున్నారు. ఆయనతో మనం పోల్చుకోవాలని కాదు లెండి. చదివిన మీడియం ఒకటి, మైకు ముందు మాట్లాడే భాష ఒకటి అవడం ఈ క్యాంపస్‌కి కొత్త కాదు అంటున్నా, అంతే.

ఇక అసలు సమస్య. నువ్వు పంపిన స్పీచ్ చదివాను. అందులో 'లాస్ట్ మైల్ కనెక్టివిటీ' అని నాలుగు సార్లు ఉంది. ఆ మాట నువ్వు ఎప్పుడైనా మీ రూమ్మేట్‌తో అన్నావా? అనవు. మెట్రో నిన్ను తార్నాక దాకా తెచ్చి దింపుతుంది. అక్కడి నుంచి హాస్టల్ దాకా ఎలా వస్తున్నావు? షేర్ ఆటో కోసం ఎంతసేపు నిలబడుతున్నావు? చీకటి పడ్డాక నడిచి రావాలంటే ఏం ఆలోచిస్తావు? నీ స్పీచ్ అదే. జడ్జి ముందు కూర్చునే మిగతా వాళ్లలో చాలామంది రిపోర్టుల్లోంచి తెచ్చిన అంకెలు చెప్తారు. ఆ ఆటో స్టాండ్ గురించి నువ్వే చెప్పగలవు.

కాబట్టి మొదటి రెండు రోజులు ఇంగ్లిష్ జోలికి వెళ్లకు. విషయం మొత్తం తెలుగులో రూమ్మేట్‌కి చెప్పు. ఎక్కడ ఆమె ఫోన్ చూడటం మొదలుపెడుతుందో ఆ ముక్క తీసెయ్. మూడో రోజు అదే సంగతి నీకొచ్చిన ఇంగ్లిష్‌లో, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పు. వాక్యానికి వాక్యం ట్రాన్స్‌లేట్ చెయ్యకు. చెప్పాక రాసుకో. రాసి చెప్పడం కాదు, చెప్పి రాయడం. ఏ పదం దగ్గరైనా మూడు సార్లు నాలుక తడబడితే దాన్ని మార్చెయ్, ఎంత గొప్ప పదమైనా సరే.

టైమ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మంచి స్పీకర్లు కూడా ఇక్కడే ఔట్ అవుతారు. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఇప్పుడు మన ఐటీ కంపెనీల్లో కూడా ఉన్నాయి. వాళ్ల స్పీచ్ కాంటెస్ట్‌లో టైమ్ ఐదు నుంచి ఏడు నిమిషాలు. అటూ ఇటూ ముప్పై సెకన్లు ఓపిక పడతారు. అది దాటితే ఎంత బాగా మాట్లాడినా డిస్‌క్వాలిఫై. మీ కాలేజీ రూల్ వేరే ఉండొచ్చు, ఇవాళే అడుగు. వార్నింగ్ బెల్ ఉందో లేదో కూడా కనుక్కో.

ఇంగ్లిష్‌లో నిమిషానికి సుమారు 120 పదాలు అనుకో, ఏడు నిమిషాలకి 840. కానీ జనం నవ్వుతారు, నువ్వు ఆగుతావు, కాబట్టి 700 దగ్గర ఆపెయ్. తెలుగు పోటీకి వెళ్లేవాళ్లు ఈ లెక్క వాడకండి. మనం 'చెప్పలేకపోయాను' అని ఒక్క పదంలో అనేదానికి ఇంగ్లిష్‌లో నాలుగైదు పదాలు కావాలి. తెలుగుకి పదాల లెక్క పనికిరాదు, స్టాప్‌వాచే దిక్కు.

రోజుకి ఒక్కసారైనా ఫోన్‌లో రికార్డ్ చేసి విను. మొదటిసారి 'ఇది నా గొంతేనా' అనిపిస్తుంది. అది అందరికీ ఉండేదే. మన గొంతు మనకి గాలిలోంచే కాకుండా తల ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది, రికార్డింగ్‌లో ఆ రెండోది ఉండదు. ఎదుటివాళ్లు రోజూ వినేది ఆ రికార్డింగ్ గొంతే.

ప్రాక్టీస్ రూమ్‌లో మొదలుపెట్టు, అక్కడే ఉండిపోకు. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందుకి వెళ్లు. తెలంగాణ ఉద్యమంలో ఎన్ని మీటింగులకి ఆ బిల్డింగ్ సాక్ష్యమో నీకు చెప్పక్కర్లేదు. వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లు ఒక్క క్షణం చూస్తారు, తర్వాత వాళ్ల దారిన వాళ్లు పోతారు. ఆ చూపు నాలుగు రోజులు అలవాటైతే హాల్లో సగం భయం ఉండదు. గొంతు పెంచడానికి మాత్రం తార్నాక జంక్షన్ హోరు చాలు. ఫుట్‌పాత్ మీద ఫ్రెండ్‌ని పది అడుగుల దూరంలో నిలబెట్టి చెప్పు, వినిపించకపోతే చెయ్యి ఎత్తమను. అరవొద్దు, నెమ్మదిగా, పదం చివరిదాకా పలుకు.

బట్టీ పట్టాల్సింది రెండే: మొదటి వాక్యం, చివరి వాక్యం. మధ్యలో ఆటో స్టాండ్, చీకటి దారి, బస్ టైమింగ్, ఇలా నాలుగు గుర్తులు పెట్టుకో.

అయినా స్టేజ్ మీద మర్చిపోతే? జడ్జి చేతిలో మార్కుల షీట్ ఉంటుంది, నీ స్పీచ్ కాపీ ఉండదు. నువ్వు ఏం వదిలేశావో ఆయనకి తెలీదు. 'సారీ' అనకు, పైకి చూడకు. ఒక ఊపిరి తీసుకుని తర్వాతి గుర్తుకి వెళ్లిపో. నీకు నిమిషంలా అనిపించే ఆ గ్యాప్ బయటికి రెండు సెకన్లే.

రేపు పొద్దున మొదటి రికార్డింగ్ చెయ్యి చెల్లీ, తెలుగులోనే. ఎన్ని నిమిషాలు వచ్చిందో నాకు మెసేజ్ పెట్టు.